కనబడలేదు, లేదు

మా ఇంట్లో కాలేయపు జబ్బులు రెండు. మా వారికి హెపటైటిస్ బీ, ఆయన అక్కగారికి సీ. ఇక్కడి బర్మా వాళ్లు వైరస్‌ను ‘పో’ అంటారు, పురుగుకూ అదే మాట. అందుకని మేమూ బీ పురుగు, సీ పురుగు అనే అనుకునేవాళ్లం. పచ్చకామెర్లే రాని మనిషికి ఆ పురుగు ఎప్పుడు పట్టిందో, కళ్లు అంత తెల్లగా ఉండగా లోపల ఏం చేస్తోందో నాకు అంతుపట్టేది కాదు. బడికి వెళ్లినదాన్ని కాను. పజుండౌంగ్ పేటలో మా నాన్న కొట్లో పొట్లాల కాగితాల మీద ఆయన దిద్దించిన తెలుగు అక్షరాలు, బజారు నేర్పిన బర్మా మాటలు, ఇవే నా చదువు. ఆ కాస్తతోనే ఇంతదూరం నడిపించిన అమ్మవారికి, ఆ తల్లికి దణ్ణం.

వదినకు మూడు నెలలు మాత్రలు ఇచ్చారు. ఒకప్పుడు ఈ సీ జబ్బుకు నెలల తరబడి సూదులు పొడిచేవారట, మనిషి పీక్కుపోయేవాడట. ఎవరో పరిశోధించి దానికి మాత్ర కనిపెట్టారు. వాళ్లెవరో నాకు తెలియదు గాని, దీపం పెట్టేటప్పుడల్లా వాళ్ల ఇళ్లు చల్లగా ఉండాలని కోరుకునేదాన్ని. మా వారికి మాత్రం రోజుకొక మాత్ర, ఎన్నాళ్లో ఎవరూ చెప్పలేదు.

మందు పూర్తయ్యాక కొన్నాళ్లు ఆగి వదినకు రక్తపరీక్ష చేశారు. మా వారికీ అప్పుడే చేశారు. ఫలితం కనుక్కోవడానికి వదిన ఒక్కతే వెళ్లింది. తిరిగొచ్చి రిక్షా దిగకముందే వీధిలోంచి అరుపు.

“ఓలమ్మీ! లేదంట! ఇద్దరికీ లేదంట!”

మా వారు ఇంటి ముందరి మా కొట్లోంచి బయటికి వచ్చారు. “ఏటప్పా, సరిగా సెప్పు. నాకు కూడానా?”

“సెవుల్లో ఏటెట్టుకున్నావురా? నాకూ మత్వేబూ, నీకూ మత్వేబూ. సయామ నోటితో సెప్పింది.” సయామ అంటే మా డాక్టరమ్మ.

మా అత్తగారి నాటి నుంచీ ఇంట్లో ఒక ఆచారం ఉంది. జబ్బు పోయాక దాని మందు ఇంట్లో ఉంచకూడదు. ఉంచితే, వెతుక్కుంటూ మళ్లీ వస్తుందంటారు. పసుపు గుడ్డలో కట్టి పారే నీళ్లలో వదిలేయాలి. వదిన ఖాళీ సీసాలు, మా వారి నిండు సీసా మర్నాడు వాగులో వదలాలని అక్కాతమ్ముళ్లు అనుకున్నారు.

మర్నాడు పొద్దున నేను బూరెలు వండి, తల్లికి నైవేద్యం పెట్టి, కొన్ని డబ్బాలో సర్దుకుని క్లినిక్కుకు వెళ్లాను. మేలు చేసిన మనిషికి ఎదురుగా ఒక మాట చెప్పుకోకపోతే నాకు అన్నం సహించదు.

సయామ బూరె కొరికి నవ్వింది. “రెండు పురుగులూ పోయాయి. మీ చలవ. మిగిలిన మందు ఇవాళ నీళ్లలో వదిలేస్తున్నాం” అన్నాను చేతులు జోడించి.

ఆమె నమలడం ఆపేసింది. “ఊలే మందు మానేశారా?” ఊలే అంటే బాబాయి, మా వారిని అలాగే పిలుస్తుంది.

“లేదన్నారు కదమ్మా!”

“మషీబూ అనలేదు ఆంటీ. మత్వేబూ అన్నాను.”

మషీబూ అంటే లేదు. మత్వేబూ అంటే కనబడలేదు. బజారులో రోజూ వినే మాటలే. మా ఇంటి తెలుగులో మాత్రం రెంటినీ కలిపి ‘లేదు’ అనేస్తాం. తాళంచెవి కనబడకపోయినా లేదే, పప్పు నిండుకున్నా లేదే.

“అయితే మా వదినకూ దాక్కునే ఉందా?”

“అయ్యో, ఆవిడకు పోయింది. ఆవిడ విషయంలో మత్వేబూ అంటే మషీబూయే. ఊలేకు అలా కాదు.”

బీ పురుగు కాలేయపు కణాల్లో లోపలికంటా దూరి కూర్చుంటుందట. మాత్ర దాన్ని పెరగనివ్వదు గాని, పూర్తిగా తుడిచేయలేదట. మాత్ర మానేస్తే ఒక్కసారిగా లేచి కాలేయాన్ని పాడుచేయవచ్చట. మాత్రలు మానినా అది అణిగే ఉండేలా కొత్త సూదిమందుల మీద పరిశోధనలు జరుగుతున్నాయట. కొందరికి పనిచేశాయట, చాలామందికి ఇంకా లేదట. అవి మన దాకా ఎప్పుడొస్తాయో ఆమెకూ తెలియదట. అన్నింటికీ తల ఊపాను. ఒకే నోరు, ఒకే మాట, అక్కకు ఒక అర్థం, తమ్ముడికి ఇంకొకటి. ఇంటికెళ్లి ఎలా చెప్పాలో తోచలేదు.

ఇంటికొస్తే కొట్టు మూసి ఉంది. నేనొచ్చిన రిక్షానే వాగు దగ్గరికి పోనిమ్మన్నాను. వదిన సీసాలు అప్పటికే నీళ్ల మీద ఊగుతూ పోతున్నాయి. మా వారు పసుపు మూటతో వంగబోతున్నారు.

“ఆగండి! అది లేదని కాదంటండి, కనబడ్డం లేదంట!”

“మరి నాకో?” అంది వదిన గుండె పట్టుకుని.

“నీకు లేదు వొదినా. నిజంగానే లేదు.”

“అదేటే! ఇద్దరికీ ఒకే మాట కదేటి? బూరెలు తిని మాట మార్చేసిందేటి నీ సయామ?”

“నాకూ బోదపడ్డం లేదు వొదినా.”

మా వారు నవ్వలేదు. “ఒక్క ముక్క సెప్పు. నాలో ఉందా, లేదా?”

“ఉందండి. కనబడకుండా ఉంది. మందు మానితే లేస్తాదంట.”

ఆయన మూటను చేతిలో అటూ ఇటూ తిప్పారు.

“కనబడనోళ్లకి నువ్వు రోజూ దీపం పెడతావు. కనబడని దానికి నన్ను రోజూ మాత్ర మింగమంటావు. బాగుంది ఇల్లు,” అని మూట నా చేతిలో పెట్టారు. “పద. మాత్ర ఏసుకుందారంటే ఇక్కడ మంచినీళ్లయినా లేవు.”

తల్లి కనబడకపోయినా ఉంటుందన్న మాట మీదే నేను ఇన్నాళ్లూ బతికాను. అదే మాట ఆ పురుగుకూ చెల్లుతుందంటే మనసు ఒప్పుకోలేదు.

ఆ సాయంత్రం దీపం ముందు నిలబడి వదిన పేరు చెప్పి, పోయిందమ్మా, నీ దయ అన్నాను. ఆయన పేరు దగ్గర ఆగిపోయాను. పోయిందని మొక్కు తీర్చాలో, పోవాలని మొక్కుకోవాలో తెలియలేదు. చేతులు జోడించి అలాగే ఉండగా, వెనక గదిలో సీసా మూత తిరిగిన చప్పుడు వినిపించింది. దానికి మాత్రం దణ్ణం పెట్టుకున్నాను.