సీజ్ చేసిన బోరు లారీ

2003 మే నెల. ధర్మవరానికీ కదిరికీ మధ్య ఒక మండల కేంద్రం. ఊరి పేరు రాయను. అప్పటి మనుషులు చాలామంది ఇంకా అక్కడే ఉన్నారు. పొద్దున పదకొండు గంటలప్పుడు పోలీసు స్టేషన్ ప్రహరీ మీదుగా లేస్తున్న తెల్లటి దుమ్ము ఉన్నట్టుండి ఆగిపోయింది.

ఎదురుగా బస్టాండులో టీ తాగుతున్నవాళ్లం గ్లాసులు చేత పట్టుకునే లేచి నిలబడ్డాం. దుమ్ము ఆగడమంటే ఏమిటో మా జిల్లాలో పిల్లలకు కూడా తెలుసు. బోరు దిగుతున్నంతసేపూ రాయి నుగ్గయి పొడి పైకి లేస్తుంది. చివరిదాకా పొడే వస్తే అది ఎండు బోరు. నీళ్లు తగిలితే పొడి తడిసి బురదగా కారుతుంది, దుమ్ము అణిగిపోతుంది.

"పడినాయి పో పోలీసోళ్లకు" అన్నాడు టీ కొట్టు మస్తాన్. "గంగమ్మ గూడా ఖాకీ గుడ్డకు భయపడినట్టుండాది."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. లోపల బోరు వేస్తున్న లారీని మూడు రోజుల కిందట అదే పోలీసులు సీజ్ చేశారు. చట్టాన్ని మీరి ఒక రైతు చీనీ తోటలో, అంటే బత్తాయి తోటలో, బోరు వేస్తోందని దాని మీద అభియోగం. ఆ వార్త రాసినవాణ్ని నేనే.

అప్పటికి నేను ఒక దినపత్రికకు ఆ ప్రాంతపు విలేకరిగా పద్నాలుగేళ్లు పని చేసి ఉన్నాను. మా పనిలో రోజూ తప్పనిది ఒకటుంది. సాయంత్రం నాలుగింటికి స్టేషన్‌కు వెళ్లడం. అక్కడ రైటర్ అనే హెడ్ కానిస్టేబుల్ ఉంటాడు. స్టేషన్‌లో రాతపనంతా అతనిదే. అతను రిజిస్టరు తెరిచి చదువుతాడు, మేం రాసుకుంటాం. సారా, పేకాట, కొట్లాట, లారీ కింద పడిన మనిషి. అతను చెప్పిన వాక్యమే కొంచెం అటూ ఇటూగా మర్నాడు పేపర్లో వచ్చేది. ఐదున్నర బస్సు డ్రైవర్‌కు కవరు అందించకపోతే అనంతపురంలో డెస్కుకు, అంటే మా రాతలు దిద్ది పేజీలు కట్టేవాళ్లకు, ఆ రోజు వార్త అందనట్టే. ఆ హడావిడిలో రైటర్ మాటను మరొకరి దగ్గర సరిచూసుకునే అలవాటు మాలో ఎవరికీ లేదు. అవసరమని కూడా అనిపించేది కాదు.

భూగర్భ జలాలు అడుగంటాయని అంతకు ముందటి ఏడాదే కొత్త చట్టం వచ్చింది. వాల్టా అంటారు. దాని ప్రకారం కొత్త బోరు వేయాలంటే రెవెన్యూ వాళ్ల అనుమతి కావాలి. ఊరి తాగునీటి బోరుకు దగ్గరలో వేయకూడదు. చట్టం మంచిదే. ఆ ఏడాది ఊళ్లకు ఊళ్లు ట్యాంకర్ల మీద బతుకుతున్నాయి.

లారీని సీజ్ చేసిన రోజు రైటర్ నాకు చదివింది ఇది. అనుమతి లేకుండా, తాగునీటి బోరుకు సమీపంలో బోరు వేయిస్తున్న రైతు ఓబులేసుపై కేసు. తమిళనాడు లారీ స్వాధీనం. ఎస్సై లారీ పక్కన నిలబడ్డాడు, నేను ఫొటో తీశాను. మర్నాడు రెండు కాలమ్‌లలో వచ్చింది. 'అక్రమ బోరుపై కొరడా' అని శీర్షిక. కొరడా అన్న మాట డెస్కుది కాదు, నాదే.

స్టేషన్‌లో దుమ్ము ఆగిన గంటకు టీ కొట్టు దగ్గరికి ఒక మనిషి వచ్చాడు. యాభై దాటిన వయసు, సన్నటి ఒళ్లు, భుజం మీద చుట్టలు చుట్టిన పాత కపిల మోకు. వెనకటికి ఎద్దులతో బావిలో నీళ్లు తోడిన తాడు అది.

"కొరడా అని రాసింది నువ్వేనాప్పా?"

"నేనే. నువ్వు?"

"కొరడా తిన్నోన్ని. ఓబులేసు."

మస్తాన్ టీ ఇచ్చాడు. ఓబులేసు తీసుకోలేదు.

"నన్ను ఒక్క మాట అడిగినావా నువ్వు? మూడేండ్లాయ సరైన వాన ల్యాక. మూడు వందల చీనీ చెట్లు. తొమ్మిదేండ్లు బిడ్డల మాదిరి సాకినా. పాత బోరు ఎండిపాయ. ట్యాంకర్లు తోలి తడిపినా. యంఆర్వో ఆఫీసులో అర్జీ ఇచ్చి రెండు నెల్లు తిరిగినా. వస్తాం, చూస్తాం అనిరి. యెవురూ రాల్యా. చెట్లు ఎదురు చూస్తాయాప్పా? నూటెనభై అడుగులు దిగినాక, పొడి నల్లగా తిరిగినాక జీపు వచ్చె. ఇంగొక గంట ఉంటే తెలిసిపోయేది, ఉంటే ఉండాదని, ల్యాకుంటే ల్యాదని."

అతను అర్జీ పెట్టుకున్న సంగతి నా వార్తలో లేదు. రైటర్ చెప్పలేదు, నేను అడగలేదు.

"ఇప్పుడు మోకు ఎందుకు?" అన్నాను.

"కొలుచ్చామని. రా నువ్వుగూడా. చూసి రాయి ఈసారి."

పంచాయతీ ఆఫీసు పక్కన ఊరి తాగునీటి బోరు ఉంది. అక్కడ ఒక కొస మస్తాన్ పట్టుకున్నాడు, రెండో కొసతో ఓబులేసు నడిచాడు. ముందు తన తోట వైపు కొలిచాడు. ఏడు మోకులు. వెనక్కి వచ్చి స్టేషన్ వైపు కొలిచాడు. ప్రహరీ దాకా మూడు మోకులు కూడా రాలేదు. జనం గుమిగూడారు.

"ఏం ఓబులేసన్నా, ఠాణా కొంటాండావా?" అని అరిచాడు ఎవరో.

"కొనేకి దుడ్లు యాడుండాయి? కొలుచ్చాండా, అంతే."

"వాన గూడా ఒక చేన్లో పడి పక్క చేన్లో పడదు గదన్నా. చట్టం గూడా అట్లే అనుకో" అన్నాడు మస్తాన్, తాడు చుట్టి ఇస్తూ.

ఓబులేసు నవ్వలేదు. "నాది తప్పు కాదని నేను అనడంల్యా. ఏడు మోకులకు వేసిన నాది తప్పయితే, మూడు మోకులకు వేసినోళ్లది ఏందో చెప్పమంటాండా. నా మింద పెట్టిన కేసే వాళ్ల మింద గూడా పెడితే, నేను నోరు మూసుకొని జరిమానా కడతా."

మస్తాన్ చేత ఒక కాగితం మీద నాలుగు వాక్యాల ఫిర్యాదు రాయించుకుని ఓబులేసు నేరుగా స్టేషన్‌కు వెళ్లాడు. నేను వెనక నడిచాను. రైటర్ తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏం ఫిర్యాదు?"

"అనుమతి ల్యాని బోరు, సామీ."

"యాడ?"

"ఈడనే."

"ఈడ అంటే?"

"మీ వెనకాల. జామచెట్టు పక్కన. ఇంగా బురద కారతాండాది చూడండి."

"ఎవురి మింద పెడతావు కేసు?"

"మీ మిందనే."

రైటర్ కలం కింద పెట్టి నా వైపు చూశాడు, ఇది నా పనేనా అన్నట్టు. తర్వాత కాగితం తీసుకుని పేపర్‌వెయిట్ కింద పెట్టాడు. "పో, చూచ్చాంలే" అన్నాడు. ఫిర్యాదు ముట్టినట్టు రసీదు ఇమ్మంటే, "నీకు పిచ్చిగాని పట్టిందా ఓబులేసూ" అన్నాడు, కోపంగా కాదు, జాలిగానే.

ఆ మధ్యాహ్నం రాసేటప్పుడు మా డెస్కుకు ఫోన్ చేసి చెప్పాను. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, "ఎస్సై వర్షన్ తీసుకున్నావా?" వర్షన్ అంటే ఆరోపణ ఎవరి మీద రాస్తున్నామో వాళ్ల వివరణ. అది లేకుండా వార్త వెళ్లకూడదు. న్యాయమైన నియమమే. ఎస్సై దగ్గరికి వెళ్లాను.

కోస్తా నుంచి వచ్చిన కుర్రాడు, ముప్పై కూడా ఉండవు. మర్యాదగా కూర్చోబెట్టాడు.

"రాయండి సార్, నేనేమీ అనుకోను. కానీ రాసే ముందు వెనక క్వార్టర్స్‌కు వెళ్లి ఒకసారి చూడండి. ఎనిమిది కుటుంబాలున్నాయి. మొన్న మా కానిస్టేబుల్ భార్యను ట్యాంకర్ దగ్గర జుట్టు పట్టుకుని కొట్టారు. పోలీసోళ్లకు నీళ్లెందుకు, మామూళ్లు తాగి బతకండి అన్నారంట. డిపార్టుమెంటుకు నేను రాసిన లెటర్లకు జవాబు లేదు. లారీ ఎదురుగా ఉంది, వేయించాను. మీరైతే ఏం చేసేవాళ్లు?"

క్వార్టర్స్ నేను చూసినవే. అతను చెప్పింది అబద్ధం కాదు. కానీ ఓబులేసు అడిగినా అదే మాట అడిగేవాడు, మీరైతే ఏం చేసేవాళ్లని. అతన్ని ఆ ప్రశ్న అడగనిచ్చినవాళ్లు లేరు.

"అనుమతి ఉందా సార్?" అన్నాను.

"రేపు రండి, చూపిస్తాను" అన్నాడు.

మర్నాడు వెళితే చూపించాడు. రెవెన్యూ ఆఫీసు ముద్రతో ఒక కాగితం. ప్రజావసరం నిమిత్తం స్టేషన్ ఆవరణలో బోరుకు అనుమతి. తేదీ బోరు వేయడానికి వారం ముందుది. ముద్ర సిరా వేలికి అంటేంత కొత్తగా ఉంది. నిలబడే చదివి వెనక్కి ఇచ్చాను. జిరాక్స్ అడగాలన్న ఆలోచన రాలేదు. వచ్చినా ఇచ్చేవాడు కాదేమో. నేను అడగలేదన్నది మాత్రం నిజం.

"అనుమతి ఉందిగా, ఇంక స్టోరీ ఏముంది?" అన్నారు డెస్కులో. ఆ వార్త పడలేదు. నాలుగు రోజుల తర్వాత ఎస్సై పిలిపించాడు. కొత్త కుళాయి తిప్పుతుంటే ఫొటో తీశాను. 'ఠాణా సిబ్బందికి తీరిన నీటి కష్టాలు', సింగిల్ కాలమ్. అది కూడా నేనే రాశాను. అప్పటికి లారీ వెళ్లిపోయింది. దాని మీద ఏ కేసూ మిగల్లేదు. ఓబులేసు తోటలో నూటెనభై అడుగుల గుంత మీద ఒక బండరాయి పెట్టారు, మేకపిల్లలు పడతాయని.

ఆగస్టులో ఆ దారిన పోతూ చూశాను. చీనీ చెట్లు నిలువునా ఎండి కట్టెల అడితికి పోతున్నాయి. ఓబులేసు భార్య లక్ష్మక్క కొమ్మలు కట్టలు కడుతోంది. "చూసుకో నాయనా, ఇది గూడా రాసుకో" అంది. నిష్ఠూరం లేదు ఆ గొంతులో. స్కూటర్ స్టార్ట్ చేశాను.

కేసు కోర్టుకు వచ్చింది. ఇలాంటి చిన్న కేసుల్లో అందరూ చేసేది ఒకటే. తప్పు ఒప్పుకుని, జరిమానా కట్టి, మధ్యాహ్నం బస్సుకు ఊరికి పోవడం. లాయరు కూడా అదే చెప్పాడు. మొదటి వాయిదాకు నేను కోర్టులోనే ఉన్నాను.

"నేరం ఒప్పుకుంటావా?" అన్నారు మేజిస్ట్రేటు.

"ఒప్పుకుంటా సామీ. ఠాణాలో వేసింది గూడా ఇదే నేరమని రాసుకోండి, దాని కింద నా పేరు రాయండి."

"ఇక్కడున్నది నీ కేసు ఒక్కటే. ఒప్పుకుంటావా, లేదా?"

"అయితే ఒప్పుకోను."

మేజిస్ట్రేటు కళ్లజోడు తీశారు. కేకలేస్తారనుకున్నాను. వేయలేదు. వాయిదా వేశారు. బయట లాయరు తల కొట్టుకున్నాడు. "ఒక్క పూటలో పోయేదాన్ని నెత్తిన పెట్టుకున్నావు కదయ్యా."

"పెట్టుకుంటే పెట్టుకున్న్యాలే. చెట్లు పాయ. ఈ మాట గూడా పోగొట్టుకోల్లనా?"

చట్టం పోలీసులకు వర్తించదని ఏ పుస్తకంలోనూ రాసి లేదు. ఆ ఎస్సైని అడిగినా వర్తిస్తుందనే అంటాడు. చిక్కు వేరే చోట ఉంది. పోలీసు మీద ఫిర్యాదు కూడా ముందు పోలీసు బల్ల మీదికే పోవాలి. ఆ బల్ల మీద పేపర్‌వెయిట్ ఉంటుంది. ఇన్నేళ్లూ ఈ సంగతి పోలీసుల గురించే అనుకుంటూ వచ్చాను. ఈ కేసుతో నా బల్ల కూడా కనబడింది. ఎస్సై మీద వార్త రాసేటప్పుడు అతనికి ఒక రోజు గడువిచ్చాను. ఆ ఒక్క రోజు చాలింది అతనికి. ఓబులేసు మీద రాసేటప్పుడు అతనికి ఒక్క నిమిషం ఇవ్వలేదు. వర్షన్ అనే నియమం మా పేపర్లో అందరికీ ఒకటేనని నేను నమ్మేవాణ్ని.

ఆ తర్వాత ఆరేళ్లు, పని మానేసే దాకా, కేసులో ఇరుక్కున్న మనిషిని కలవకుండా కేసు వార్త పంపలేదు. చాలాసార్లు బస్సు తప్పింది. డెస్కు విసుక్కుంది. దానివల్ల ఎవరికైనా మేలు జరిగిందా అంటే చెప్పలేను. వెళ్లి అడిగితే సగం మంది, "నేనేం చెప్పేది సార్, వాళ్లు రాసిందే రాయండి" అనేవాళ్లు.

సమాచార హక్కు చట్టం వచ్చాక ఓబులేసు ఒక దరఖాస్తు పెట్టాడు. స్టేషన్ బోరుకు ఇచ్చిన అనుమతి నకలు ఇమ్మని. రెవెన్యూ ఆఫీసు నుంచి జవాబు వచ్చింది, 'కోరిన ఫైలు ఈ కార్యాలయంలో లభ్యం కాలేదు' అని. ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"ఆ పర్మిషన్ కాగితం నువ్వు కండ్లతో చూసినావు గదాప్పా?"

"చూశాను."

"తేదీ చూసినావు, సిరా చూసినావు. కోర్టుకొచ్చి చెప్తావా?"

చెప్తానన్నాను. లాయరు నా పేరు రాసుకున్నాడు. ఎస్సై రెండు జిల్లాలు దాటి బదిలీ అయ్యాడు, సమన్లు తిరిగి వస్తున్నాయి. తమిళనాడు డ్రైవర్ ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. పోలీసుల సాక్షులు పూర్తయితే తప్ప మా వంతు రాదు. 2009 ఆఖరున నేను ఇది రాస్తున్నాను. మొన్నటి వాయిదాకు కూడా ఓబులేసు పొద్దున్నే బస్సెక్కి వెళ్లాడు. మొదటి సాక్షి ఇంకా బోను ఎక్కలేదు.