దుకాణంలో నేను వేసిన నింద

మెదక్‌లో టీచరుగా చేరిన కొత్తలో నా ల్యాప్‌టాప్ కీబోర్డు బాగుచేయించాను. దుకాణదారు యాదగిరి నా ఫోటోలు దొంగిలించే ప్రోగ్రాం ఏదైనా పెట్టాడేమోనని అనుమానం వచ్చి, ఇంటికి రాగానే, అప్పటికే ఒకటి ఉన్నా, మరో యాంటీవైరస్ వేశాను. మర్నాటి నుంచే ఏ యాప్ తెరిచినా బిగుసుకుపోయేది.

దుకాణానికి వెళ్లి కస్టమర్ల ముందే యాదగిరిని నిలదీశాను. "మంచి పార్టు తీసి పాతది పెట్టిండ్రు."

ఆయన ల్యాప్‌టాప్ తెరిచి చూశాడు.

"మేడం, ఇందుల రెండు యాంటీవైరస్‌లు ఉన్నయి. ఒకదానికొకటి అడ్డం పడుతున్నయి, గందుకే ఆగుతుంది. రెండోది ఎవరేసిండ్రు?"

"నేనే" అన్నాను.

దాన్ని తీసేయగానే అన్నీ చక్కగా నడిచాయి. క్షమించమన్నాను.

"మీ మాట ఇని ఇద్దరు గిరాకీలు వాపసు పోయిండ్రు మేడం" అన్నాడు తలెత్తకుండా.

వాళ్లెవరో నాకు తెలియదు. వాళ్లకు నిజం చెప్పలేకపోయానన్న బాధ ఇప్పటికీ ఉంది.