బావ లోపలికొస్తేనే బెల్లు

మా బావ ఒక్కరోజు కూడా బడికి వేళకు రాలేదు. ఆయన ఆ బడికి హెడ్మాస్టరు.

చుట్టుపక్కల పల్లెలన్నిటికీ అదే మొదటి హైస్కూలు. పాత ధాన్యం గోదాములో పెట్టారు. నేనక్కడ లెక్కల మాస్టర్ని. మా అక్క మొగుడి పరువు కాపాడటం జీతం లేని అదనపు ఉద్యోగం.

బెల్లు కొట్టగానే గేటు మూసెయ్యాలనీ, ఆ తర్వాత వచ్చినవాళ్ళ పేరు కొట్టెయ్యాలనీ కమిటీ రూలు. కానీ హెడ్మాస్టరు లోపలికి అడుగు పెట్టాకే బెల్లు కొట్టడం అక్కడి ఆనవాయితీ. బావ ఏమో దారిలో ప్రతి గడపనూ కుశలం అడిగి, తెగని చెప్పు కూడా కుట్టించుకుని వచ్చేవాడు.

"అక్క మిమ్మల్ని పొద్దున్నే సాగనంపిందిగా బావా! ఇంతసేపూ ఏం చేశారు?"

"చెప్పు తెగిందిరా."

"నిన్నా తెగిందన్నారు!"

"నిన్నటిది ఎడమది."

కమిటీ ప్రెసిడెంటు రైసుమిల్లు ఆసామి. పల్లెటూరి పిల్లలు హైస్కూల్లో కూర్చోవడం ఆయనకు కంట్లో నలుసు. "దుక్కి దున్నడానికి జామెట్రీ దేనికయ్యా? రేపట్నుంచి బెల్లు నేనే కొడతా, తాళం నేనే వేస్తా. గుట్ట అవతలివాళ్ళ బెడద ఒక్కరోజులో వదిలిపోతుంది" అన్నాడు.

గుట్ట అవతలి పిల్లలు పాలు పితికి, కొట్టాలు ఊడ్చి, అప్పుడు బయలుదేరాలి. వాళ్ళలో పశువుల కాపరి కూతురు ఆ ఏడు ఆఖరి పరీక్ష రాయబోతోంది. మా ప్రాంతంలో అంతవరకు చదివిన ఆడపిల్ల లేదు.

మర్నాడు అన్నట్టే బెల్లు కొట్టాడు, తాళం వేశాడు. నేను గోడ మీంచి తొంగిచూశాను. బావ రోడ్డు మీద వంగి చెప్పు సర్దుకుంటున్నాడు. వెనక నుంచి గుట్ట అవతలి పిల్లలు రొప్పుతూ వస్తున్నారు. వాళ్ళందరినీ ముందుకు పోనిచ్చి, అందరికన్నా వెనక కాపరి కూతురు కూడా దాటాక, అప్పుడు కదిలాడు మహానుభావుడు! బెల్లు ఆయన కోసం ఆగుతుంది, ఆయన ఆఖరి పిల్ల కోసం ఆగుతాడు. లెక్కల మాస్టర్ని, నాకే ఈ లెక్క ఇన్నాళ్ళూ తేలలేదు.

"మీరొక్కరూ రండి, తాళం తీస్తాను" అన్నాడు ప్రెసిడెంటు.

"రూలు రూలేనండి. పేర్లు కొట్టేస్తే నా పేరుతోనే మొదలుపెట్టండి" అని బావ రోడ్డు మీదే చతికిలబడ్డాడు. పుల్ల తీసుకుని దుమ్ములో గీత గీశాడు. "ఎక్కడున్నాం?"

"త్రిభుజం దగ్గరండీ" అంది కాపరి కూతురు.

ముందు పై తరగతి కుర్రాళ్ళు గోడ దూకారు. తర్వాత మిగతా తరగతులు. ఆ తర్వాత నేను. పంచె బర్రున చిరిగింది. చిరిగితే చిరిగింది, ఆ పూట నాకంత పొగరుగా ఉంది! చివరికి గేటు లోపల ప్రెసిడెంటొక్కడే మిగిలాడు. దారినపోయేవాళ్ళు ఆగి, ఏం చేశాడని ఆయన్ని లోపలేశారో ఆరా తీయసాగారు.

ఆయన తాళం తీశాడు. "హెడ్మాస్టరు గారూ, నలుగురూ నవ్వుతున్నారు. లోపలికి రండి."

"బెల్లు కొట్టలేదు కదండీ?"

"ఇందాకే కొట్టాగా!"

"అది మీరొచ్చినందుకు. బడి ఇప్పుడే వచ్చింది."

పిల్లలంతా లోపలికి నడిచారు. అందరికన్నా ఆఖర్న బావ గేటు దాటాడు. ప్రెసిడెంటు పళ్ళు నూరుతూ మళ్ళీ బెల్లు కొట్టాడు.

"రేపైనా ఎన్నింటికొస్తారో చెప్పి చావండి!"

"నా చేతుల్లో ఏముందండీ?" అన్నాడు బావ తాపీగా. "మా కాపరి అమ్మాయి వాళ్ళ గేదె ఎప్పుడు పాలు చేపితే అప్పుడు."