సగం విన్న మాట

మా భజన మండలిలో ఇరవై ఇద్దరం ఆడవాళ్లం. రోజుకు ఐదుగురు తమ వంతు శ్లోకాలు చదివి, ఫోన్‌లో రికార్డు చేసి నాకు పంపుతారు. పైనుంచి విమానం పోతే ఆగి మళ్లీ చదవాలి. ఉదయం ఆరింటికల్లా వాటిని వరుసగా గ్రూపులో వేయడం నా పని. అందులో ఇంకెవరూ ఏమీ పెట్టకుండా సెట్టింగు మార్చింది కూడా నేనే. దైవనామం మధ్య లౌకికం దేనికని.

మామిడిపల్లిలో ఉండే ఒకామె, నేను చెల్లె అని పిలుస్తాను, భజనలో మా అందరికీ తాళం వేస్తుంది. ఒకరోజు ఐదున్నరకు ఆమె పంపింది తెరిస్తే శ్లోకం లేదు. "అక్కా, ఇయ్యాల నాతోని చదువుడు కాదు, మా ఆయన..." అంతవరకే విన్నాను. ఇంటి గోల అనుకున్నాను. ఆరు కావస్తోంది. ఆమె వంతు నేనే చదివి వరుస పూర్తి చేశాను. మిగతాది తర్వాత విందామనుకుని మరిచిపోయాను.

ఐదో రోజు మళ్లీ ఆమె వంతు. ఏమీ రాలేదు. చూస్తే గ్రూపులోంచి వెళ్లిపోయింది. అప్పుడు ఆ పాత మాట మొత్తం విన్నాను. "...మా ఆయన కొత్తూరుల షిఫ్టు దిగి వస్తుంటే బండి మీదికెల్లి పడ్డడు. ఆపరేషన్ అంటున్నరు. దవాఖానల ఒక్కదాన్నే ఉన్న. నీకు చెప్తే అందరికి చెప్పినట్టే. జర ఎవరన్న వచ్చి కూసోన్రి."

ఆటో ఎక్కి వాళ్లింటికి వెళ్లాను. దవాఖాన నుంచి అప్పటికే తెచ్చేశారు, భర్త కాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. ఆమె మంచినీళ్లిచ్చి నిలబడింది.

"ఏందక్కా, శ్లోకాలు తక్కువ పడ్డయా?"

నేను గ్లాసు కింద పెట్టాను.

"మూడు దినాలు దవాఖాన బెంచి మీద కూసున్న. లిఫ్టు తలుపు తెరిచినప్పుడల్లా మనోళ్లే అనుకున్న. నువ్వు విన్నట్టు ఫోన్ల చూపిస్తనే ఉంది. ఇరవై ఒక్కమంది. ఒక్కరు రాలే."

అందరికీ తెలిసీ రాలేదనుకుంటోంది; ఆ కోపంలో నా వాటా చిన్నదే. ఊరుకుంటే అందరితో పాటు నేనూ ఒకదాన్ని. ఆ ఆలోచన వచ్చిందని ఒప్పుకుంటాను. సకల జీవుల్లోనూ స్వామి ఉన్నాడని ఆ వారమే చదివి వినిపించిన నోరు నాది.

"వాళ్లకు తెల్వదు. నేను చెప్పలే. సగమే విని పక్కకు పెట్టిన."

"ఎవ్వరికీ తెల్వదా?"

"ఎవ్వరికీ."

ఆమె కింద కూలబడి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నేను చెప్పలే? వాళ్లు అసుంటోళ్లు కాదని," అన్నాడు మంచం మీంచి భర్త.

"నువ్వు ఊకో," అని ఆమె నా వైపు తిరిగింది. "గంతమంది మీద కోపం మోసుడు బరువైంది. ఇగ నీ ఒక్కదాని మీదనే."

"ఉండనీ," అన్నాను.

అక్కడే కూర్చుని గ్రూపు అందరికీ తెరిచాను. నేను చేసింది నా గొంతుతోనే చెప్పాను. సాయంత్రానికి నలుగురు టిఫిన్ డబ్బాలతో వచ్చారు. "ఫోన్ కొట్టకపోతివి, మేం సచ్చినమా?" అని ఒకామె చెల్లెను తిట్టింది. చెల్లె నవ్వింది. ఆమె నాతో మునుపటిలా మాట్లాడటానికి చాలా రోజులు పట్టింది. ఆ కోపం పోగొట్టమని దేవుణ్ని అడగలేదు. రోజూ వెళ్లి, ఆమె వంట చేసుకునే సేపు ఆయన మంచం పక్కన కూర్చునేదాన్ని.