సేఠ్ మున్షీకి మా ఇంటి నెర్రెలు చూపించిన

ఈ నెలల నా నోటితోని నా ఇల్లు నేనే కూలగొట్టుకున్న. నవ్వకుండ్రి! చాయ్ తాగుకుంట ఇనుండ్రి, తర్వాత నవ్వుదురు.

మీకు తెలుసు కదా, రెండేండ్ల సంది కామారెడ్డి గంజ్‌ల బెల్లం అడిగేటోడు లేడు. నా తక్కెడకు సాలీడు గూడు కట్టింది. గిసొంటి కాలంల మా బావమరిది నర్సింలు ఎల్లారెడ్డి నుంచి వచ్చి బస్సు దిగిండు. ఆడ ఒక వకీలు దగ్గర కాగితాలు మోస్తడు. మోసేది కాగితాలే గాని, మాట మాత్రం వకీలుకు పెద్దన్న లెక్క!

"బావా, ఇండ్లు కొనాల్నంటే ఇదే టైము," అన్నడు. "ఎల్లారెడ్డిల కచేరి పక్కకు నాలుగు అర్రల ఇల్లు సగం ధరకు అమ్ముతున్నరు. ఈ ఇల్లు వడ్డీకిచ్చే సేఠ్ దగ్గర కుదువ పెట్టు, అది కొను. కాలం మంచిగైనంక అది అమ్మి ఇది ఇడిపించుకో."

"కాలం మంచిగ కాకపోతే?" అన్నది మా ఇంటిది సత్తెవ్వ.

"అక్కా, నీకు గియ్యన్ని తెల్వయి," అన్నడు.

నేనైతే అప్పటికే మనసుల ఎల్లారెడ్డి ఇంటి అరుగు మీద కూసొని చుట్ట తాగుతున్న.

పోయేటప్పుడు నర్సింలు చెవుల చెప్పిండు. "ఈ వారం ఇల్లు చూడనీకి సేఠ్ మనిషి వస్తడు. ఇంటి పన్ను రాసే సర్కారు మనిషి గూడ ఈ వారమే తిరుగుతున్నడట. యాదుంచుకో బావా. సేఠ్ మనిషికి మహల్ అని చూపించు. సర్కారు మనిషికి గుడిసె అని చూపించు."

"ఎవరు ఎవరో ఎట్ల తెలుస్తది?"

"గంత తెల్వదా? షేర్వాణీ, రూమీ టోపీ ఉంటే సర్కారు. ధోతి కట్టి గొడుగు పట్టుకుంటే సేఠ్ మనిషి."

మంగళారం పొద్దుగాల మా గడప ముందట షేర్వాణీ, రూమీ టోపీ!

"ఇల్లు చూడాలె," అన్నడు ఆయన.

"చూడుండ్రి సాబ్! ఇది ఇల్లేనా? ఏదో పానాలు అరచేతిల పెట్టుకొని ఉంటున్నం," అని ఏడుపు మొఖం పెట్టిన. చెయ్యి పట్టుకొని ఎన్క గోడ దగ్గరికి గుంజుకపోయిన. ఆడ ఒక నెర్రె ఉన్నది. నిజంగ అయితే ఏలు పట్టేటంతే. నేను గోకి గోకి చెయ్యి పట్టేటట్టు చేసిన. ఇంత మన్నుపెళ్ల వచ్చి ఆయన బూట్ల మీద పడ్డది. నాకు లోపల ఎంత కుషీనో!

మా అవ్వ ఊకోదాయె. "ఏందిరా గది! మీ బాపు కట్టిన గోడ, ఏనుగు గుద్దినా కదలదు!"

"అవ్వకు చెవుడు సాబ్."

"నాకా చెవుడు? నీ అబద్ధాలన్నీ మంచిగనే ఇనవడుతున్నయి!"

ఆయన నవ్వలె. "అమ్మితే ఎంత వస్తది?" అని అడిగిండు.

"అమ్ముడా? ఊకెనే ఇస్తనన్నా ఎవడు తీసుకుంటడు సాబ్!"

ఆయన నోటుబుక్కు మూసి నా భుజం మీద చెయ్యేసిండు. "శానా ఇండ్లు చూసిన గని నీ అసొంటి నీతిమంతున్ని చూడలె. ఇల్లు కుదువ పెట్టేటోడు గిట్ల నిజం చెప్తడా? మా సేఠ్ బతికిండు పో!"

"సే... సేఠా?"

"నేను ఆయన లెక్కలు రాసే మున్షీని. ఇటు నుంచి ఎల్లారెడ్డి కచేరికి పోయేదున్నది, అందుకే షేర్వాణీ ఏసుకున్న."

చెప్పుల్లేకుంట ఆయన ఎన్క ఉరికిన. "ఆగుండ్రి సాబ్! నేను చెప్పినయన్నీ అబద్ధాలు!"

బజార్ల అందరు నిలవడి చూస్తున్నరు. "అబద్ధాలోనికి అప్పెట్ల ఇస్తమయ్యా?" అన్నడు మున్షీ. కాళ్లమీద పడ్డంత పని చేసిన. ఆఖరికి కరిగిండు. "సరే, రెండు దినాలల్ల ఇంకొకన్ని పంపిస్త. ముందుగాల ఆ గోడ మెత్తుకో."

మెత్తినం. సున్నం ఏసినం. పక్కింట్ల కెల్లి రెండు కుర్చీలు, నిలువుటద్దం తెచ్చినం. సత్తెవ్వ పట్టుచీర కట్టింది. అవ్వను చుట్టాలింటికి తోలిచ్చిన.

బేస్తారం వచ్చిండు ధోతి, గొడుగు మనిషి! పేరు అడగలె, ఊరు అడగలె. "రాండ్రి, రాండ్రి!" అని కుర్చీ ఏసిన. "కామారెడ్డి మొత్తంల గిసొంటి ఇల్లు లేదు. అన్నీ టేకు దూలాలు. కిరాయికిస్తే పెద్ద పెద్దోళ్లు క్యూ కడ్తరు!" ఆయన రాస్తనే ఉన్నడు. ఆయన రాసినకొద్దీ నాకు ఊపు వచ్చింది. పక్కోళ్ల ఖాళీ జాగ గూడ మాదే అన్న!

"ఈడ సంతకం పెట్టుండ్రి," అన్నడు. ఠక్కున పెట్టిన. "మరి సేఠ్ పైసలు ఎప్పుడిస్తడు?" అని అడిగిన.

"ఏ సేఠ్? నేను ఇంటి పన్ను రాసేటోన్ని."

"మరి షేర్వాణీ?"

"మొన్న వానల తడిసింది. ఇంకా ఆరలె."

పన్ను మూడింతలైంది. మున్షీ పంపిన మనిషి మర్నాడు వచ్చిండు గని, కుర్చీలు, అద్దం పక్కింటోళ్లు తీస్కపోయిండ్రు, తడి సున్నం అప్పటికే పెళ్లలు రాలుతున్నది. ఆయన గడప కాడికెళ్లే తిరిగిపోయిండు. అటు నర్సింలు జాబు రాసిండు: "బావా, ఆ నాలుగర్రల ఇల్లు ధర ఇంకా పడ్డది. కొనకపోతివి, మంచిగైంది. నేను ముందే అనుకున్న." చూసిండ్రా వాని సంగతి!

ఇగ పన్ను తగ్గించుమని పన్ను కచేరిల అర్జీ పెట్టిన. "నీ ఇల్లు పాడువడ్డదని సాక్షి ఎవరు?" అన్నరు. నాకు ఒక్క మున్షీనే యాదికొచ్చిండు. బతిమిలాడి పట్టుకపోయిన. ఆయన ఎంత మంచిగ చెప్పిండంటే, నాకే కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నెర్రె చెప్పిండు, మన్నుపెళ్ల చెప్పిండు, బూట్లు గూడ చూపించిండు.

పెద్ద సారు అంతా ఇని పన్ను కొట్టేసిండు. నేను దండం పెట్టిన. అప్పుడు ఆయన కండ్లద్దాలు తీసి, "గింత పాడువడ్డ ఇంట్ల మనుషులు ఉండొద్దు. పదిహేను దినాలల్ల ఖాళీ చెయ్," అని ఇంకో కాగితం చేతుల పెట్టిండు.

గిదీ సంగతి. ఇప్పుడు మా ఇల్లు గట్టిగనే ఉన్నదని చెప్పే సాక్షి కోసం తిరుగుతున్న. మీల ఎవరన్నా వస్తరా? ఈ చాయ్ పైసలు నేనే ఇస్త.