మేనమామ కల్లుకు నేను పెట్టిన పరీక్ష

మొన్న మా కాలేజీ ల్యాబులో ఒక విద్యార్థిని, కల్తీని పట్టే పట్టీ ఏ కల్లులో ముంచినా మందు ఉందనే చెబుతోందని ఏడుపుముఖంతో వచ్చి నిలబడితే, ఓదార్చవలసిన నేను నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాను. రాష్ట్రం వచ్చిన కొత్తలో పరిశోధనలో చేరిన నా ఈడువాళ్లకు ఆ నవ్వు అర్థమవుతుంది.

అప్పుడు నా పని, కల్లులో కలిపే నిద్రమందును పసిగట్టే పాలిమర్ పొడి తయారుచేయడం. మందు అణువుల చుట్టూ పాలిమర్‌ను గట్టిపడనిచ్చి పొడి చేసి, తర్వాత మందును కడిగేస్తే, సరిగ్గా దాని ఆకారంలోనే ఖాళీలు మిగులుతాయి. ఆ మందు మళ్లీ ఎదురైతే పట్టుకుంటాయి. ఆ పొడి పూసిన పట్టీని మీటరుకు తగిలిస్తే అంకె పెరుగుతుంది. ముందుగా అసలు కల్తీలేని కల్లులో ముంచి, ఏమీ లేదని అనిపించాలి. కల్లు అమ్మే కంపౌండుకు వెళ్లి అడిగే ధైర్యం లేక, డైరీలో మూడు పేజీల నిండా భయపడి, పానగల్ దగ్గర తాళ్లు, అంటే తాటిచెట్లు, గీసే మా మేనమామను ఆశ్రయించాను. ఆయన కల్లులో నీటిచుక్క కూడా కలపడని పేరు.

పట్టీ మాత్రం మందు ఉందంది. పది పట్టీలు మార్చినా అదే మాట. అమ్మ ఒక్కదానికే చెప్పాను. అమ్మ తన తమ్ముడికి చెప్పకుండా ఉండలేకపోయింది. తెల్లారేసరికి మామ చెట్లెక్కే మోకు భుజాన వేసుకుని మా వాకిట్లో ఉన్నాడు.

“ఏమే, నా తాళ్లకు మందుగోళీలు కాస్తున్నయా?”

అంతటితో ఆగక, మా ఇంట్లో ఉండే తన తల్లికి, అంటే మా అవ్వకు, రోజూ పోసే ముంత కల్లు కూడా బంద్ పెట్టాడు. కన్నతల్లికి మత్తు తాపుతున్నాడన్న మాట పడలేనన్నాడు. మూడు రోజులు గొంతు తడవని అవ్వ నన్ను పిలిచి కూర్చోబెట్టింది.

“గా పనేందో జర నాకు సమజ్ చెయ్యి.”

జొన్నపిండి ముద్దలో చింతగింజ నొక్కి, గింజ మందనీ, ముద్ద పొడి అనీ, గింజ తీస్తే మిగిలే గుంతే కావాలనీ చెప్పాను.

“మరి గింజ తీసినవా?”

“మూడుసార్లు కడిగిన అవ్వా.”

“బియ్యమే మూడుసార్లు కడుగుతరు గదనే! మందును గూడ గంతేనా?”

మర్నాడు పట్టీని వట్టి నల్లా నీళ్లలో ముంచాను. అందులోనూ మందుందట! నా పొడిలో మిగిలిన మందే కరిగి బయటికొస్తోంది. నాలుగు రోజులు కడిగాక, మామ కల్లులో ముంచితే మీటరు కదల్లేదు. ఆ మీటరు పట్టుకుని పరుగెత్తుకెళితే ఆయన చూడనే లేదు.

“నా కల్లు నాకెర్కనే. నీ పొడి సంగతి నువ్వు జూసుకో,” అంటూ అవ్వ ముంత నింపాడు. ఇంకెప్పుడైనా పరీక్ష పెడితే తన కల్లు జోలికి రావద్దని అవ్వ నాతో ఒట్టు వేయించుకుంది.

ఇప్పుడు అవ్వ లేదు. మామ మోకాళ్లరిగి చెట్లెక్కడం మానేశాడు. ఆ తాళ్ల జాగాలో ప్లాట్ల రాళ్లు పాతారు. నా పట్టీలు అబద్ధమాడడం మానేసి చాలాకాలమైంది. వాటి చేత మందు లేదని అనిపించుకోగల ఒక్క ముంత కల్లు కోసం మాత్రం కల్వకుర్తి దాకా వాకబు చేస్తున్నాను.