మంద చావు మీద రెండు పేజీలు

జీవితంలో ఒకే ఒక్కసారి నా పేరు ఒక విదేశీ పరిశోధన పత్రికలో అచ్చయింది. ప్రాణమున్న వాటి సంగతులను గణితంతో వివరించే పత్రిక అది. నా వ్యాసం రెండు పేజీలు. ఆ రెండు పేజీలు ఎలా వచ్చాయో ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

ఎం.ఏ. చదివే రోజుల్లో విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో, కిటికీ పక్క బల్ల మీద ఆ పత్రిక సంచికలు దుమ్ముపట్టి ఉండేవి. జంతుశాస్త్రం వాళ్ళు లెక్కలున్నాయని వాటిని ముట్టేవాళ్ళు కాదు. మా లెక్కలవాళ్ళు కప్పలూ చేపలూ ఉన్నాయని ముట్టేవాళ్ళు కాదు. నేనొక్కణ్ణే తిరగేసేవాణ్ణి. నెత్తురు నాళాల్లో ఎలా పారుతుందో ఒకరు సమీకరణంగా రాస్తే, చెరువులో పెద్ద చేపలూ చిన్న చేపలూ ఏడాదికేడాది ఎలా పెరిగి తరుగుతాయో ఇంకొకరు రాసేవారు. సగం అర్థమయ్యేది కాదు. అయినా ఎప్పటికైనా అందులో నా పేరు చూసుకోవాలని కోరిక పుట్టింది. ఆఖరి రోజున వెనక అట్ట మీది చిరునామా రాసుకొని ఇంటికి వచ్చేశాను.

పరిశోధనకు అవకాశం రాలేదు. మార్కాపురంలో హైస్కూలు లెక్కల అయ్యవారిగా చేరాను. రాష్ట్రం ఏర్పడి ఎన్నో ఏళ్ళు కాలేదు. మా తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. మా ఊరు తర్లుపాడు దగ్గర. నాయన అక్కడ మెట్ట సేద్యం చేసేవాడు. ఏటా ఎండాకాలం, జొన్న కోసిన చేలో ఎరువు కోసం గొర్రెల మంద పెట్టించేవాడు. ఆ మంద యజమాని పక్క ఊరి ముసలాయన. నా చిన్నప్పటినుంచీ ఆయన్ని మామా అనీ, ఆయన భార్యను అత్తా అనీ పిలిచేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. ఉద్యోగం వచ్చినప్పటినుంచీ వాళ్ళు మాత్రం నన్ను అయ్యోరా అనడం మొదలుపెట్టారు.

నేను చేరిన రెండో ఏడు ఎండాకాలం సెలవుల్లో మామ పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చోలేదు.

"అయ్యోరా, మందలో అమ్మోరు పోసింది. నిన్న రెండిటికి, ఈ పొద్దు ఐదిటికి. చెవుల కింద, తోక కింద అంతా బొబ్బలే. ఆసుపత్రాయనకు నువ్వొక మాట చెప్పాల."

మార్కాపురం పశువుల ఆసుపత్రి కాంపౌండరు నాకు తెలిసినవాడే, గిద్దలూరు మనిషి. సైకిలు మీద వెంటనే వచ్చాడు. చూసి తల అడ్డంగా ఊపాడు.

"టీకామందు ఐసులో పెట్టి తేవాల సారూ. ఈడ ఐసు యాడ దొరుకుతాది? తెచ్చినా, రోగం తగులుకున్న మందకు ఇప్పుడేసి లాభం ల్యా."

చెయ్యగలిగింది ఏమీ లేదు కాబట్టి లెక్క రాయడం మొదలుపెట్టాను. రోజూ రెండు పూటలా చేనికి వెళ్ళేవాణ్ణి. కొత్తగా ఎన్నిటికి తగిలింది, ఎన్ని చచ్చాయి, ఎన్ని తేరుకున్నాయి. మామకు చదువు రాదు. కానీ ఏ గొర్రె ఏ రోజు మేత మానిందో ఒక్కటి కూడా తప్పకుండా చెప్పేవాడు. మందలో రెండు వందలకు పైగా ఉండేవి. నెలన్నరలో సగానికి సగం పోయాయి. తర్వాత రోగం దానంతటదే ఆగిపోయింది.

ఒక సంగతి నన్ను వదల్లేదు. ఈనిన గొర్రెలు ఇరవై దాకా, పిల్లలతో సహా, వాగు అవతల వేరే కంప దొడ్డిలో ఉండేవి. రోగం అక్కడికీ వెళ్ళింది. కానీ మూడిటికి తగిలి ఆరిపోయింది. పెద్ద మందలో సగాన్ని మింగిన రోగం చిన్న దొడ్డిలో ఎందుకు నిలవలేకపోయింది?

ఆ వానాకాలమంతా ఆ ప్రశ్నతోనే గడిపాను. పలకరాయి గనులున్న మార్కాపురంలో పలకలకు కొదవ లేదు. గదిలో నాలుగు పలకలు వరుసగా గోడకు ఆనించి సమీకరణాలు రాస్తూ తుడుస్తూ ఉండేవాణ్ణి. చివరికి తేలింది. రోగం తగిలిన గొర్రె చచ్చేలోపో తేరుకునేలోపో కనీసం ఇంకొక దానికి అంటించగలిగితేనే రోగం నిలుస్తుంది. ఒక్కచోట ఉండే గొర్రెల సంఖ్య ఒక హద్దు కంటే తక్కువైతే రోగం దానంతటదే ఆరిపోతుంది. మామ మంద లెక్కలు పెట్టి చూస్తే ఆ హద్దు నలభైకి కాస్త అటూ ఇటూగా వచ్చింది. ఆ సాయంత్రం ఒక్కణ్ణే బజారంతా తిరిగాను. ప్రపంచంలో ఈ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను.

వ్యాసం ఇంగ్లీషులో రాసి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కొట్టించాను. ఆ మిషను మీద గణితం గుర్తులు లేవు. టైపిస్టు ఖాళీలు వదిలితే నల్ల సిరాతో నేను నింపుకున్నాను. రిజిస్టరు చేసి పోస్టులో వేశాను. ఓడ మీద వెళ్ళాలి. పోయి చేరడానికే నెలలు పడుతుందని పోస్టుమాస్టరు చెప్పాడు.

కాంపౌండరుకు ఆ ప్రతి చూపించి విషయం వివరించాను. శ్రద్ధగా విన్నాడు.

"అంటే మందను నాలుగైదు దొడ్లుగా చీల్చి దూరదూరంగా పెడితే శానా జీవాలు బతుకుతాయని గదా?"

"లెక్క ప్రకారం అంతే."

"మరి మీ మామకు చెప్పినారా?"

"ఇంకా లేదు. ముందు ఆ పత్రికవాళ్ళు సరే అననీ. నా లెక్క తప్పయితే?"

"తప్పో ఒప్పో ఆయనకు చెప్పి చూస్తే తెలుస్తాది గదా సారూ," అన్నాడు కాంపౌండరు. నేను మాట మార్చాను.

నా వెనకంజకు కారణం లేకపోలేదు. మందను చీలిస్తే ప్రతి దొడ్డికీ ఒక మనిషి కాపలా ఉండాలి. మామ ఇంట్లో ఉన్నది ఇద్దరే. నల్లమల వైపునుంచి తోడేళ్ళు వచ్చేవి. నా మాట విని దొడ్లు చీల్చి, గొర్రెలు తోడేళ్ళ పాలైతే ఆ పాపం నాది. పెద్ద పెద్ద పండితులు చూసి సరే అన్నాక చెబితే నా మాటకు బలం ఉంటుందనుకున్నాను. ఇదంతా నిజమే. దీని వెనక ఇంకో నిజం కూడా ఉంది. అచ్చయ్యేదాకా ఆ సంగతి నా ఒక్కడిదిగా ఉండాలని నాకు ఉండింది.

మరుసటి ఎండాకాలం మొదట్లో మామ మళ్ళీ మా చేలో మంద పెట్టాడు. బతికినవాటికి తోడు, అత్త ఒంటి మీది బంగారం అమ్మి కొత్త గొర్రెల్ని కొన్నాడు. నన్ను చూసి తనే అడిగాడు.

"అయ్యోరా, పోయినేడు అంతా రాసుకుంటివి గదా. అది మళ్ళీ వస్తే ఏం చెయ్యాల్నో అందులో ఏమన్నా తేలిందా?"

"ఇంకా తేలలేదు మామా. విదేశానికి పంపించినా. వాళ్ళు చూసి చెప్పాల."

"చూడనీలే. పెద్ద చదువులోళ్ళు గదా, ఊరికే తేలుస్తారా," అని గొర్రెల వైపు వెళ్ళిపోయాడు.

నేను పరీక్షల డ్యూటీ మీద గిద్దలూరు వెళ్ళి పది రోజులు ఉన్నాను. తిరిగి వచ్చేసరికి మందకు రోగం మళ్ళీ తగులుకొని ఉంది. కొత్తగా కొన్నవాటిలోనే మొదలైంది. పోయినేడు రోగం తగిలి బతికినవి నిక్షేపంగా తిరుగుతున్నాయి. కొత్తవీ, వాటి పిల్లలూ రాలిపోతున్నాయి. చేనికి వెళ్ళి నిలబడ్డాను. అలవాటుగా నోటుబుక్కు చేతిలోనే ఉంది. చచ్చిన గొర్రె పక్కన అత్త కూర్చొని ఉంది. నన్ను చూసి అరవలేదు, ఏడవలేదు.

"రాసుకో అయ్యోరా. ఇది మూడు ఈతల గొర్రె. కడుపుతో ఉండింది. అది కూడా రాసుకో," అంది.

రాసుకున్నాను. ఆమె చూస్తుండగానే రాసుకున్నాను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. కానీ అప్పటికే రోగం తగిలినవాటితో మందంతా కలిసి తిరిగి వారం దాటింది. ఇక చీల్చినా లాభం లేదని నా సమీకరణమే చెబుతోంది.

ఆ ఎండాకాలం చివరికి మామ మిగిలిన గొర్రెల్ని అమ్మేశాడు. పలకల గనిలో రాయి చీల్చే పనికి వెళ్ళడం మొదలుపెట్టాడు. పుట్టినప్పటినుంచీ ఆరుబయట జీవాల వెంట తిరిగిన మనిషి, ఆ వయసులో గుంతలోకి దిగాడు.

పత్రికనుంచి ఉత్తరం వానాకాలంలో వచ్చింది. స్కూల్లో మధ్యాహ్నం గంట కొట్టాక విప్పాను. మర్యాదగా రాశారు. వ్యాసాన్ని పరిశీలించిన పండితుడి అభిప్రాయం ఒక పేజీ జతచేశారు. రచయిత సాధించిన ఫలితం సరైనదే. కానీ ఇది ఒక తరం కిందటే తెలిసిన విషయం. రచయిత ఉన్న చోట ఆ పాత వ్యాసాలు అందుబాటులో లేకపోయి ఉండవచ్చు. ఫలితాన్ని మళ్ళీ ప్రచురించలేము. అయితే ఒకే మంద గురించి రోజువారీగా ఇలా సేకరించిన పట్టిక అరుదైనది. రెండో ఏటి వివరాలు కూడా ఉంటే చిన్న వ్యాసంగా పంపితే పరిశీలిస్తాము.

సరైనదే అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఎప్పుడో తెలిసిన సంగతి. నేను బడికి వెళ్ళకముందే ఏదో పత్రికలో అచ్చయి, ఏదో గ్రంథాలయంలో ఉండింది. అక్కడినుంచి మా చేనిదాకా దాన్ని తేగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నేనూ తేలేదు.

ఆదివారం మామ ఇంటికి వెళ్ళాను. గుమ్మం ముందు మంచం మీద ఉన్నాడు. కళ్ళ రెప్పల మీద కూడా పలకరాతి పొడి ఉంది. దగ్గుతున్నాడు. ఉత్తరం సంగతీ, మందను దొడ్లుగా చీల్చే సంగతీ చెప్పాను. ముందే తెలిసి కూడా చెప్పలేదని ఒప్పుకున్నాను. మామ మంచం మీద లేచి కూర్చున్నాడు.

"నాలుగు దొడ్లు అంటివా?"

"నాలుగైనా, అయిదైనా."

"ఇద్దరం ఉంటిమి. యాడ కాపలా కాస్తాం? కట్టేవాడినో కట్టకపోయేవాడినో." మళ్ళీ దగ్గాడు. "అయినా చెప్పింటే బాగుండు అయ్యోరా."

నన్ను తిట్టి ఉంటే తేలికగా ఇంటికి వెళ్ళి ఉండేవాణ్ణి.

ఆ తర్వాత కాంపౌండరూ నేనూ సెలవు రోజుల్లో సైకిళ్ళ మీద చుట్టుపక్కల ఊళ్ళు తిరిగాం. హనుమంతునిపాడు దాకా వెళ్ళాం. రోగం కనిపించగానే మందను చీల్చమని గొర్రెలవాళ్ళకు చెప్పాం. కొందరు నవ్వారు. కొందరు విన్నారు. విన్నవాళ్ళలో ఇద్దరి మందలు చాలావరకు బతికాయి. ఇంకొకాయన దొడ్డి మీద తోడేళ్ళు పడ్డాయి. ఆయన ఆ తర్వాత బజారులో నేను ఎదురుపడితే తల తిప్పుకొని పోయేవాడు.

రెండో ఏటి వివరాలు పత్రికకు పంపకూడదనుకున్నాను. మూడు నెలలు ఆ మాట మీదే ఉన్నాను. తర్వాత పంపాను. వివరాలు వృథా కాకూడదని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. అందులో మామ పేరు రాయలేదు. ఒక మెట్ట ప్రాంతపు మంద అని మాత్రమే రాశాను. ఆయన పేరు రాస్తే, ఆయనకు నేనేం చేశానో కూడా రాయవలసి వస్తుందనిపించింది.

వ్యాసం అచ్చయి, నా రెండు పేజీల విడిప్రతులు పార్సిలుగా రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ లోపల మామ పోయాడు. దగ్గు తగ్గలేదు. చివరి నెలల్లో పడుకుంటే ఊపిరి అందక, గోడకు ఆనుకొని కూర్చునే ఉండేవాడట.

ఒక ప్రతి తీసుకొని అత్త దగ్గరికి వెళ్ళాను. చేతులు చీరకొంగుకు తుడుచుకొని రెండు చేతులతో అందుకుంది. నున్నటి కాగితం. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, నా పట్టికలు రెండు.

"ఇది మన గొర్రెల గురించేనా?"

"అవునత్తా."

"యాడెక్కడోళ్ళు చదువుతారా దీన్ని?"

"చదువుతారు."

కాసేపు పేజీ వైపు చూసింది. "ఇందులో మాయన ఉన్నాడా అయ్యోరా?"

"ఉన్నాడు," అన్నాను.

"యాడ?"

వేలు పెట్టి చూపించాను. రెండో పట్టిక కింద ఒక సమీకరణం ఉంటే దాని మీద పెట్టాను. ఆమె దాన్ని వేలితో తడిమింది. నెమ్మదిగా, ఎడమనుంచి కుడికి, ఆ వరుస చివరిదాకా. తర్వాత కాగితాలు మడవకుండా నాకు తిరిగి ఇచ్చింది.

"చదువు రానోళ్ళ ఇంట్లో ఎందుకులే, చెదలు పడతాయి. నీకాడనే పెట్టుకో," అంది. మజ్జిగ ఇచ్చింది. తాగి, మార్కాపురం బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చాను.